పాత ట్రక్కు బ్రేకుల్లో ఎయిర్ తీయడానికి ఏ సామాను కావాలి, ఏది అక్కర్లేదు

పెడల్ తొక్కితే స్పాంజి మీద కాలు పెట్టినట్టు మెత్తగా లోపలికి పోతోందంటే అందరూ చెప్పే మాట ఒకటే, బ్రేకు ఆయిల్ లైన్లో ఎయిర్ ఉంది, తీసేయ్. నిజమే కావచ్చు. కానీ ఆ మాట వినగానే చాలామంది నేరుగా బ్లీడింగ్ కిట్, అంటే ఎయిర్ తీసే సామాను పెట్టె, కొనేస్తారు. నేనూ మొదటిసారి అదే చేశాను. పెట్టె నిండా చేతి పంపు, గేజీ, రకరకాల అడాప్టర్లు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. తీరా బండి కింద దూరి మొదటి నిపుల్ (చక్రం దగ్గర ఎయిర్ బయటికి వదిలే చిన్న మర) మీద స్పానర్ పెట్టి లాగితే నిపుల్ కదల్లేదు, దాని మూలలు మాత్రం అరిగి గుండ్రంగా తయారయ్యాయి. ఆ రోజంతా ఆ ఒక్క నిపుల్‌తోనే సరిపోయింది, కొన్న కిట్ పెట్టెలోంచి బయటికే రాలేదు.

అందుకే నేను చెప్పేది ఇది: పాత ట్రక్కు విషయంలో ఏ టూల్ కావాలో చెప్పాల్సింది బండి. ముందు బండి కిందకి వెళ్లి చూడండి, కొనడం తర్వాత.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. మీది గాలి బ్రేకులున్న పెద్ద లారీ అయితే ఇదంతా మీకు సంబంధం లేదు. అక్కడ బ్రేకు వేసేదే గాలి, ట్యాంకుల్లో చేరిన నీళ్లు వదిలేయడమే తప్ప బ్లీడింగ్ అనే పని ఉండదు. గాలితో హైడ్రాలిక్‌ని నడిపే మిశ్రమ రకం కొన్ని ఉంటాయి, వాటికి ఆయిల్ వైపు బ్లీడింగ్ కావాలి కానీ పద్ధతి వేరు, వాటి మాన్యువల్ పక్కన పెట్టుకునే చేయాలి. ఇక్కడ చెప్పేది పికప్పులు, చిన్న ట్రక్కుల మామూలు హైడ్రాలిక్ బ్రేకుల గురించి.

అసలు ఎయిరేనా?

టూల్స్ కోసం డబ్బు పెట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి, దీనికి కాలు తప్ప ఏమీ అక్కర్లేదు. ఇంజన్ ఆపి పెడల్ ఒకసారి తొక్కండి, వెంటనే రెండోసారి, మూడోసారి తొక్కండి. తొక్కేకొద్దీ పెడల్ పైకి వచ్చి, పైకి వచ్చాక రాయిలా గట్టిగా ఉంటే అది ఎయిర్ కాకపోవచ్చు, వెనక డ్రమ్ముల్లో షూలు (డ్రమ్ముకు ఒరుసుకుని చక్రాన్ని ఆపే ముక్కలు) అరిగి దూరం పెరిగి ఉంటుంది, అడ్జస్ట్ చేయాలి. పైకి వచ్చాక కూడా స్ప్రింగులా ఊగుతుంటే అది ఎయిర్. కాలు అదిమి పట్టుకుంటే పెడల్ మెల్లగా కిందకి జారిపోతుంటే ఎక్కడో లీకుంది, లేదా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని లైన్లలోకి నెట్టేది) లోపలి సీలు పోయింది, అప్పుడు ఎంత ఎయిర్ తీసినా ఉపయోగం లేదు. నాకు తెలిసి బ్లీడింగ్ చేసి చేసి విసిగిపోయిన వాళ్లలో సగం మంది సమస్య షూ అడ్జస్ట్‌మెంటే. డ్రమ్ము వెనక ప్లేటులో ఉండే చిన్న సందులోంచి లోపలి పళ్ల చక్రం తిప్పడానికి వంపు తిరిగిన చెంచా లాంటి టూల్ ఒకటి దొరుకుతుంది. ఎయిర్ తీసే సామానులో దీన్ని ఎవరూ లెక్కవేయరు గానీ డ్రమ్ములున్న బండికి ముందు ఇది కొనండి. షూలు సర్దకుండా బ్లీడింగ్ మొదలుపెడితే పెడల్ బాగుపడిందో లేదో తెలిసే దారే ఉండదు.

కిందకి వెళ్లి చూడాల్సినవి

వైర్ బ్రష్, టార్చ్, కొలతకి ఒక వెర్నియర్ పట్టుకుని కిందకి వెళ్లండి. నాలుగు చక్రాల దగ్గరా నిపుల్ మీద మట్టి, తుప్పు గీకి, ఆరు పలకల మధ్య కొలత తీసుకుని కాగితం మీద రాసుకోండి. నాలుగూ విడివిడిగా రాయండి, ఎందుకంటే ఇన్నేళ్లలో బండి ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏ సిలిండర్ మార్చారో తెలియదు, ముందు ఒక సైజు వెనక ఒక సైజు ఉండటం మామూలే, ఒకే ఇరుసు మీద ఎడమా కుడీ వేరుగా ఉన్న బండి కూడా నేను చూశాను. తర్వాత బానెట్ ఎత్తి మాస్టర్ సిలిండర్ మూత ఎలాంటిదో చూడండి, మరతో తిప్పేదా, తీగ కొక్కెంతో బిగించిన నలుచదరం రేకు మూతా. ఒకే గది ఉందా రెండున్నాయా. 1940లు, 50ల నాటి కొన్ని పికప్పుల్లో మాస్టర్ సిలిండర్ బానెట్ కిందే ఉండదు, డ్రైవరు కాళ్ల కింద ఫ్లోరు రేకు తీస్తే కనిపిస్తుంది. అలాంటి బండికి ఆయిల్ పోయడానికే ఒక పెద్ద సిరంజి, పొడవాటి ట్యూబు కావాలి, లేకపోతే సగం ఆయిల్ ఛాసిస్ మీదే పోస్తారు.

స్పానర్

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

మామూలు రింగు స్పానర్ లోపల చూడండి, పన్నెండు మూలలుంటాయి. కొత్త బోల్టుకు అది చాలు. తుప్పు పట్టిన నిపుల్‌కు మాత్రం అది శత్రువు, ఎందుకంటే మూలల కొసలనే పట్టుకుంటుంది, కొస అరిగిందా జారిపోతుంది. మీకు కావాల్సింది లోపల ఆరు మూలలే ఉన్న సాకెట్, అది పలకల మీద పడుతుంది. లోతుగా ఉండే సాకెట్ అయితే నిపుల్ మొత్తం లోపలికి వెళుతుంది. నిపుల్‌ని మొదటిసారి కదిలించడం దీనితోనే చేయండి. కదిలాక సాకెట్ తీసేసి పొట్టి రింగు స్పానర్ వేసి, దాని మీంచి ట్యూబు తొడుక్కోండి. రింగు ముందు, ట్యూబు తర్వాత. ఈ వరస తప్పి ట్యూబు ముందు తొడిగి మళ్లీ పీకని వాడు ఎవడూ ఉండడు.

ఓపెన్ స్పానర్ జోలికి అసలు పోకండి. లాకింగ్ ప్లయర్ ఆఖరి అస్త్రం, అది వాడారంటే ఆ నిపుల్ ఇక పారేయాల్సిందే.

ఫ్లేర్ నట్ స్పానర్ అని ఒకటుంది, రింగుకు ఒక పక్క పైపు దూరేంత సందు కోసినట్టుంటుంది. దీన్ని కొనమని అందరూ చెబుతారు, కొనండి, కానీ అది బ్రేకు పైపుల నట్లకు. నిపుల్‌కు పూర్తి రింగే మేలు. సందు ఉన్న రింగు గట్టిగా లాగితే కొద్దిగా విచ్చుకుంటుంది, ఆ కొద్దిలోనే మూలలు పోతాయి.

ఇక సైజులు. పాత ట్రక్కుల్లో అంగుళాల కొలతలు, మిల్లీమీటర్ల కొలతలు రెండూ తగులుతాయి, అసలు గొడవ ఇక్కడే వస్తుంది. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు, కాబట్టి 8 స్పానర్ దానికి బాగానే పడుతుంది. 3/8 అంగుళం అంటే 9.53, దానికి 10 స్పానర్ వేస్తే అర మిల్లీమీటరు ఆట ఉంటుంది. ఆ అర మిల్లీమీటరే నా మొదటి నిపుల్‌ని మింగేసింది. 1/4 అంగుళం అంటే 6.35, దానికి 7 వేస్తే ఇంకా ఘోరం. 7/16 అంటే 11.11, దాని మీదికి 11 స్పానర్ సరిగా ఎక్కదు. కాబట్టి ఇంట్లో ఉన్న సెట్టుతో సర్దుకుపోదామని చూడకుండా, కాగితం మీద రాసుకున్న కొలతకు సరిపోయే ఆ ఒకటి రెండు సాకెట్లు తెచ్చుకోండి. మొత్తం సెట్టు అక్కర్లేదు.

కదలని నిపుల్

నిపుల్ లోపల బోలుగా ఉంటుంది, మధ్యలో నిలువు రంధ్రం, కొన దగ్గర అడ్డంగా ఇంకో రంధ్రం. గోడ పలచన, అందుకే బలం పెడితే పుటుక్కున విరుగుతుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ మర చుట్టూ కొట్టి వదిలేయండి, పొద్దున ఇంకోసారి కొట్టండి. నిపుల్ తల మీద చిన్న సుత్తితో నాలుగైదు తేలికపాటి దెబ్బలు వేయండి, తుప్పు బంధం వదులుతుంది. విప్పే ముందు వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పి చూడండి. వింతగా అనిపిస్తుంది కానీ చాలాసార్లు అలాగే కదులుతుంది. ఇంకా కదలకపోతే మధ్య రంధ్రంలో సరిగ్గా పట్టే డ్రిల్ బిట్టు వెనక భాగం దూర్చి అప్పుడు తిప్పండి, లోపల ఉక్కు ఊత ఉంటుంది కాబట్టి గోడ నలిగిపోదు.

మంట పెట్టమని చెప్పేవాళ్లుంటారు. పనిచేస్తుంది, కాదనను, కానీ లోపల రబ్బరు సీళ్లున్నాయి, అవి మాడతాయి, కాబట్టి ఎలాగూ విప్పి సీళ్లు మార్చే ఉద్దేశం ఉంటేనే. ఇంకో సంగతి, అక్కడ బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టి ఉంటే మంట ఊసే ఎత్తకండి. క్లోరిన్ రకం క్లీనర్ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది, మిగతా రకాలు భగ్గుమని అంటుకుంటాయి.

విరిగిందా? డ్రమ్ము బ్రేకైతే దానితో కుస్తీ పట్టకుండా వీల్ సిలిండర్ (చక్రం దగ్గర షూలని నెట్టేది) మార్చేయమనే నా సలహా, ఆ వయసు సిలిండర్ లోపల ఎలాగూ తుప్పు పట్టే ఉంటుంది.

ట్యూబు, సీసా

ఇవి చవక సామాను, అందుకే అందరూ అశ్రద్ధ చేస్తారు. ట్యూబు లోపలికి కనిపించేలా గాజులా తేటగా ఉండాలి, బుడగలు చూడటమే మన పని. లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే ఎక్కువ నిపుళ్లకు బిగుతుగా పడుతుంది. సిలికాన్ ట్యూబైతే పట్టు బాగుంటుంది, మామూలు ప్లాస్టిక్‌ది కొన్నాళ్లకు బిరుసెక్కి ఊడిపోతుంటుంది. అర మీటరు పైన పొడవు ఉంచుకుని, నిపుల్ దగ్గర నుంచి ముందు పైకి ఒక వంపు తిప్పి తర్వాత సీసాలోకి దించండి, బుడగ పైకి పోయేదే కాబట్టి వెనక్కి సిలిండర్‌లోకి రాదు. సీసాలో అడుగున రెండు వేళ్ల ఎత్తు కొత్త ఆయిల్ పోసి ట్యూబు కొస అందులో మునిగి ఉండేలా చూడండి. మంచినీళ్ల సీసా మాత్రం వాడకండి, వాడినా పేరు రాయండి. ఈ ద్రవం విషం, చూడ్డానికి మాత్రం షర్బత్తులా ఉంటుంది.

నలుగురూ చెప్పే పద్ధతులు

ఇద్దరు మనుషులుంటే పైన చెప్పిన స్పానర్, ట్యూబు, సీసా తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఒకరు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు కింద వదులు చేసి, బిగించి, అప్పుడు వదలమనాలి. బిగించకముందే కాలు ఎత్తితే మళ్లీ గాలి లోపలికి పోతుంది. మధ్యలో మాటలు కలిపేస్తే గందరగోళమే కాబట్టి "తొక్కు", "వదులు" అనే రెండు మాటలే వాడండి. పాత ట్రక్కుకు ఒక అదనపు టూల్ ఉంది, చెక్క ముక్క. పెడల్ కింద పెట్టండి, అది నేలదాకా పోకుండా. మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ ఏళ్ల తరబడి పైసగంలోనే తిరిగి ఉంటుంది, అవతలి సగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి, పెడల్ అడుగంటా తొక్కితే సీలు ఆ గరుకు మీదకెళ్లి చీరుకుంటుంది. పొద్దున బాగున్న మాస్టర్ సాయంత్రానికి పోయిందని మొత్తుకునే వాళ్ల కథ వెనక చాలావరకు ఇదే ఉంటుంది.

ఒక్కరే చేసుకోవడానికి ఒకవైపే వదిలే చిన్న వాల్వు ఉన్న ట్యూబు దొరుకుతుంది. పరవాలేదు. కొస ఆయిల్‌లో మునిగి ఉండటం మాత్రం తప్పనిసరి, వాల్వుని నమ్ముకోకండి.

చేతి వాక్యూమ్ పంపు గురించి నాకు అంత మంచి అభిప్రాయం లేదు. నిపుల్ వదులు చేయగానే మర సందుల్లోంచి బయటి గాలినే పీల్చుకుని ట్యూబులో బుడగలు చూపిస్తూనే ఉంటుంది, మీరు సీసాలకు సీసాలు ఆయిల్ వంపుతూనే ఉంటారు. మర చుట్టూ బయటి నుంచి సిలికాన్ గ్రీజు పూస్తే కొంత తగ్గుతుంది. దానికి తోడు పాత వీల్ సిలిండర్లలో కప్పు రబ్బర్లు లోపలి నుంచి ఒత్తిడి వస్తేనే గోడకు అతుక్కుంటాయి, లోపలికి లాగితే వాటి పక్కనుంచి గాలి దూరే అవకాశం ఉంది. ఖాళీ లైన్లోకి ఆయిల్ రప్పించడానికి పంపు బాగుంటుంది, ఆఖరి బుడగ తీయడానికి కాదు.

ప్రెషర్ బ్లీడర్ నాకు ఇష్టం. డబ్బాలో ఆయిల్ పోసి, చేత్తో గాలి కొట్టి, మాస్టర్ మీద బిగిస్తారు, ఇక మీరు ఒక్కో చక్రం దగ్గరకెళ్లి నిపుల్ వదులు చేయడమే. 10 నుంచి 15 పీఎస్‌ఐ చాలు, ఎక్కువ పెడితే మాస్టర్ మీదుండే ప్లాస్టిక్ రిజర్వాయరు (ఆయిల్ గిన్నె) పగలొచ్చు. చిక్కంతా మూత దగ్గరే. డబ్బాతో వచ్చే అడాప్టర్ మీ మాస్టర్‌కు పట్టకపోతే అది షోకేసు బొమ్మే. తీగ కొక్కెం ఉన్న నలుచదరం ఇనుప మాస్టర్‌కు రబ్బరు గాస్కెట్ ఉన్న చదును ప్లేటు కావాలి, గొలుసుతోనో కొక్కేలతోనో కిందకి బిగిస్తారు. బిగించాక ముందు ఆయిల్ లేకుండా ఉత్త గాలి కొట్టి గేజీ నిలుస్తుందో లేదో చూడండి. ఈ పరీక్ష ఎగ్గొట్టి ఫెండర్ పెయింటు పోగొట్టుకున్నవాణ్ణి నేను, ఈ ద్రవం పెయింటుని చర్మం ఒలిచినట్టు ఒలుస్తుంది. పడితే వెంటనే నీళ్లు కుమ్మరించండి, తుడవడం తర్వాత.

ఏదీ లేకపోతే నిపుల్ వదులు చేసి, మాస్టర్ మూత తీసి, ఆయిల్ తనంతట తాను కారేదాకా కూర్చోవడం కూడా ఒక పద్ధతే. నిదానం, కానీ దేన్నీ పాడుచేయదు. వదులు చేసినా చుక్క రాకపోతే నిపుల్ రంధ్రం పూడుకుపోయి ఉంటుంది, సన్నని తీగతో పొడవండి. అప్పటికీ రాకపోతే రబ్బరు హోసు లోపల ఉబ్బి మూసుకుపోయిందేమో అనుమానించాలి, బయటికి బాగానే కనిపిస్తుంది మరి.

పాత ట్రక్కుల్లో అడ్డుపడే వాల్వులు

ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉన్న బండ్లలో ముందు బ్రేకుల్ని కాస్త ఆలస్యంగా పట్టించే మీటరింగ్ వాల్వు ఒకటి ఉండొచ్చు. ప్రెషర్ బ్లీడర్ ఇచ్చే కొద్దిపాటి ఒత్తిడికి అది ముందుకి ఆయిల్ పోనివ్వదు. దాని కొసన ఉండే చిన్న బొడిపెని కొన్నిటిలో నొక్కి, కొన్నిటిలో లాగి పట్టుకోవాలి, దానికో రేకు క్లిప్పు వస్తుంది. కాలితో తొక్కి చేసేవాళ్లకు ఈ బాధ లేదు. అలాగే రెండు సర్క్యూట్ల మధ్య తేడా వస్తే డాష్‌లో ఎర్ర లైటు వెలిగించే స్విచ్చు ఉంటుంది, బ్లీడింగ్ చేస్తుంటే దాని లోపలి పిస్టన్ ఒక పక్కకి జరిగి లైటు వెలిగి అలాగే ఉండిపోతుంది. కొన్ని వాల్వుల్లో స్విచ్చు విప్పి ఆ స్థానంలో చిన్న ప్లాస్టిక్ మర ముక్క బిగిస్తే పిస్టన్ కదలదు, చాలా చిన్న వస్తువు, ముందే తెచ్చుకుంటే టెన్షన్ ఉండదు.

వెనక ఇరుసుకు, ఛాసిస్‌కు మధ్య కడ్డీ ఉన్న వాల్వు కనిపిస్తే అది బరువుని బట్టి వెనక బ్రేకులకు ఒత్తిడి పంచేది. బండిని ఛాసిస్ దగ్గర జాకీ మీద లేపి ఇరుసు వేలాడదీస్తే అది బండి ఖాళీగా ఉందనుకుని వెనక్కి ఆయిల్ తగ్గించేస్తుంది. చక్రాలు నేల మీదే ఉంచి చేయండి, ఆ వాల్వుకే విడిగా నిపుల్ ఉందేమో కూడా చూడండి. ఎలాగూ ట్రక్కు ఎత్తుగానే ఉంటుంది, చాలాసార్లు జాకీ అవసరమే రాదు. లేపాల్సి వస్తే స్టాండ్ల మీద, బండి సమంగా, మిగతా చక్రాలకు దిమ్మెలు పెట్టి. జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టి కిందకి దూరొద్దు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండిలో దాని యూనిట్ ఎండిపోయి ఉంటే కొన్నిటికి స్కాన్ టూల్ (బండి కంప్యూటర్‌కు తగిలించే పరికరం) కావాలి, అది అద్దెకు తెచ్చుకునే వస్తువు, కొనేది కాదు.

మాస్టర్ సిలిండర్ మార్చి ఉంటే దాన్ని బండికి బిగించకముందే వైస్‌లో పట్టించి, పైపులు తిరిగి రిజర్వాయర్‌లోకే వచ్చేలా పెట్టి, పిస్టన్‌ని మెల్లగా పొడుస్తూ ఎయిర్ తీయాలి. రెండు ప్లాస్టిక్ ముక్కలు, రెండు చిన్న ట్యూబులు, అంతే కిట్టు.

ఆయిల్

మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు. ఆ పేరు విని ఇంజన్ ఆయిల్ పోసినవాళ్లున్నారు, రబ్బర్లన్నీ ఉబ్బి మొత్తం సిస్టమ్ మార్చుకోవాల్సి వచ్చింది. మాస్టర్ మూత మీద ఏ డాట్ (బ్రేకు ద్రవం రకం గుర్తు) రాసి ఉందో అదే పోయండి. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, నీళ్లు పీల్చుకున్నాక అది 140కి పడిపోతుంది. డాట్ 4కి 230, 155. గాలిలో తేమని ఇట్టే పీల్చుకుంటుంది కాబట్టి ఎప్పుడో మూత తీసి పెట్టిన డబ్బా వద్దు, సీలున్నదే తెచ్చుకోండి, లీటరు ఉంటే ఎక్కువ పికప్పులకు మిగులుతుంది కూడా. డాట్ 5 అనేది సిలికాన్, మిగతావాటితో కలవదు, 5.1తో పొరపడకండి, అది డాట్ 3, 4 లాంటి గ్లైకాల్ రకమే. లోపల ఏముందో అనుమానమైతే గ్లాసు నీళ్లలో కొన్ని చుక్కలు వేయండి, కలిసిపోతే గ్లైకాల్, విడిగా నిలిస్తే సిలికాన్.

మొదలుపెట్టే ముందు పెద్ద సిరంజితో రిజర్వాయర్‌లోని నల్ల ఆయిల్ చాలావరకు లాగేసి కొత్తది నింపండి, లేదంటే ఆ మడ్డి అంతా పైపుల గుండా ప్రయాణం కడుతుంది. మాన్యువల్ వేరే వరస చెప్పకపోతే మాస్టర్‌కు దూరంగా ఉన్న చక్రం ముందు, దగ్గరది ఆఖరు. ఐదారు తొక్కుళ్లకోసారి రిజర్వాయర్ చూస్తుండండి, ఒక్కసారి అడుగంటిందా, మళ్లీ మొదటి చక్రం నుంచే.

అయిపోయాక ఇంజన్ ఆపి ఉండగానే పెడల్ గట్టిగా అదిమి అర నిమిషం పట్టుకోండి, జారకూడదు. ఈలోగా ఇంకొకరు నాలుగు నిపుళ్ల దగ్గరా వేలు పెట్టి తడి ఉందేమో చూడాలి. అలాగే పట్టుకుని ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందకి దిగుతుంది, కంగారుపడి మళ్లీ బ్లీడింగ్ మొదలుపెట్టకండి, అది బూస్టర్, అంటే కాలి బలాన్ని పెంచే భాగం, పని చేస్తున్న గుర్తు. నిపుళ్లు కడిగి, ఆరాక, ఒక్కోదానికీ రబ్బరు టోపీ తొడగండి. నాలుగు టోపీలు, గోరంత వస్తువులు. మళ్లీ విప్పే రోజున అదే సాకెట్‌కు నిపుళ్లు లొంగుతాయి.